అప్‌డేట్: గుణుపూర్‌లో మా చెల్లి కాన్పు

ఒడిశాలోని గుణుపూర్‌లో చెల్లి రెండో కాన్పుకి లేబర్ రూమ్‌లోకి నన్ను రానిస్తారా, దానికి ఒడియా అంతంతమాత్రం, తొలికాన్పులో వేరేచోట తిన్న తిట్లకి ఇంకా బెదురుతోంది అని అడిగాను కదా. రానిచ్చారు! ప్రభుత్వాసుపత్రుల్లో లేబర్ రూములు మెరుగుపరచడానికి 2017లో కేంద్రం తెచ్చిన లక్ష్య కార్యక్రమంలో తోడు మనిషి విషయం ఉందని మీలో ఒకరు చెప్పారు. నెలవారీ చెకప్‌లోనే ఆ మాట కదిపాం. పిల్లల్ని కన్న ఆడమనిషైతే మంచిదన్నారు, నాకు ఇద్దరు.

డ్యూటీ సిస్టర్ ఒడియా ఆవిడ. వచ్చీరాని తెలుగులో "అమ్మా, చెయ్యి పెట్టి చూస్తాను, సరేనా?" అని అడిగి, తెర లాగాకే పరీక్ష చేసింది. మంచానికి కట్టేసినట్టు పడుకోబెట్టలేదు. నొప్పికీ నొప్పికీ మధ్య నడిపించింది, మంచినీళ్లు తాగించింది. నొప్పి వచ్చినప్పుడు నడుం కింద అరచేత్తో గట్టిగా ఎలా అదిమి పట్టాలో నాకు చూపించింది. అలా పడితే చెల్లి మూలుగు బాగా తగ్గింది. ఆయా మాత్రం "అరవకు" అని కసిరింది (ఎక్కడైనా ఒకరుంటారుగా), సిస్టరే ఆపింది.

పాపని తుడిచి నేరుగా తల్లి గుండెల మీద వేశారు, బొడ్డు కాసేపాగి కోశారు. గంటలోపే పాలు పట్టింది. ఇప్పుడు టెన్షనంతా పేరు గురించే, అత్తగారొకటి అంటారు, మరిదొకటి అంటాడు.