ఊటీ మనకంటే దక్షిణాన ఉన్నా అంత చల్లగా ఎందుకుంటుంది?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
నమస్కారం. మేలో ఇక్కడ 43 డిగ్రీల ఎండ కాస్తుంటే ఊటీలో స్వెట్టర్లు వేసుకుంటారని విని, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, ఆ ఊరు భూమధ్యరేఖకు మనకంటే దగ్గర కదా, ఎండ ఇంకా ఎక్కువ ఉండాలి కదా అని అడిగింది. ఎత్తు వల్ల అంటే, ఎత్తుకు వెళ్తే సూర్యుడికి ఇంకా దగ్గరవుతాం కదా అంటోంది. ఆ ఊరి చరిత్ర గురించి, 65 దాటిన మా అమ్మను ఏ నెలల్లో తీసుకెళ్లవచ్చో కూడా తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (జనగామ, భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు):
మీ అమ్మాయి అడిగినది చాలా మంచి ప్రశ్న. గాలిని ప్రధానంగా వేడెక్కించేది నేరుగా సూర్యకిరణాలు కావు, ఆ కిరణాలతో కాగిన నేల. నేలను తాకి వేడెక్కిన గాలి పైకి లేచే కొద్దీ ఒత్తిడి తగ్గి వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంటే ఊటీ 2,240 మీటర్ల ఎత్తున ఉంది కనుక, ఈ ఒక్క కారణంతోనే దాదాపు 13 డిగ్రీల తేడా వస్తుంది. మిగిలిన తేడాకు మన దగ్గరి పొడి గాలి, బండరాళ్ల నేల కారణమైతే, అక్కడ ఏప్రిల్, మే నెలల్లో పడే జల్లులు, కమ్ముకునే మబ్బులు మరో కారణం.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో జరిగేది ఇంకా ఆసక్తికరం. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి వీచనప్పుడు నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. చల్లని గాలి బరువైనది కనుక వాలు వెంట జారి లోయల్లో నిలుస్తుంది. అందుకే తెల్లవారుజామున పల్లపు పచ్చికపై ఉప్పు చల్లినట్లు మంచు పేరుకుంటుంది, పై వాలుల్లో మాత్రం అంతగా కనిపించదు. ఎండ పొడ తగలగానే అది కరిగిపోతుంది గానీ, తేయాకు లేత చిగుళ్లు మాడిపోయి రైతులకు నష్టం మిగులుతుంది.

జవాబు (కాజీపేట నుంచి):
ఊటీని ఆంగ్లేయులు సృష్టించారనే మాట సగమే నిజం. వారికి ఎంతో ముందు నుంచి ఆ పచ్చిక మైదానాల్లో తోడాలు అనే గిరిజనులు గేదెలను మేపుకుంటూ, అర్ధచంద్రాకారపు కప్పుల ఇళ్లలో నివసించేవారు. బడగలు అనేవారు సేద్యం చేసేవారు, కోతా తెగవారు కుండలు, ఇనుప పనిముట్లు తయారుచేసేవారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో కొండెక్కి, 1822లో ఊటీలో రాతి ఇల్లు మొదలుపెట్టి, వాగులకు కట్ట కట్టించి చెరువు ఏర్పరిచాడు. బొటానికల్ గార్డెన్ 1848 నాటిది. తర్వాత మద్రాసు ప్రభుత్వం వేసవిలో అక్కడి నుంచే పాలన సాగించేది. మన జిల్లాలు అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేవి కనుక ఆ కథ మనకు కొంత దూరంగా ఉండిపోయింది. ఊటీకి దిగువనున్న కూనూరు వరకు 1899లో వచ్చిన, పట్టాల మధ్య ఉండే పళ్ల కడ్డీని పట్టుకుని కొండెక్కే రైలు 1908లో ఊటీ చేరింది. మేళ్లు చెప్పుకుంటూనే, యూకలిప్టస్, తేయాకు తోటలు తోడాల పచ్చికను, కొండ మడతల్లో సహజంగా పెరిగే షోలా అడవులను చాలావరకు మింగేశాయని కూడా పిల్లలకు చెప్పాలి.

జవాబు (వరంగల్ నుంచి):
అమ్మగారికి ఫిబ్రవరి, మార్చి నెలలు అనువైనవి: మంచు తీవ్రత తగ్గుతుంది, వానలు తక్కువగా ఉంటాయి, మే నెల రద్దీ ఉండదు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వల్ల ఘాట్ దారిలో కొండచరియలు విరిగిపడవచ్చు, మానుకోండి. ఊటీ చలి ఎక్కువనిపిస్తే, కొంత దిగువన సుమారు 1,850 మీటర్ల ఎత్తున ఉన్న కూనూరులో బస చేయవచ్చు. సొంత వాహనంలో వెళ్లేట్లయితే, 2024 మే నుంచి ప్రవేశపెట్టిన ఈ-పాస్ నిబంధనను బయలుదేరే ముందు చూసుకోండి.