శనివారం క్రిస్మస్ విందు ఏర్పాట్లు – హాలు విషయం అత్యవసరం

కార్యదర్శి (స్వస్థలం సూర్యాపేట), సోమవారం రాత్రి
టెక్సాస్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ వందనాలు. విందుకు ఇంకా ఐదు రోజులే ఉన్నందువల్ల, మిగిలిన పనులు ఎవరెవరివో ఈ రాత్రికే తేల్చుకోవాలి. వేదిక అలంకరణకు, సౌండుకు, పిల్లల నాటిక దుస్తులకు, ముఖ్య అతిథి సన్మానానికి ఒక్కొక్కరు, వడ్డనకు పన్నెండు మంది, హాలు శుభ్రం చేయడానికి ఆరుగురు కావాలి. బగారా అన్నం, మటన్ సంగతి మిర్యాలగూడ అన్న చూసుకుంటారు. టికెట్ల మిగులు దేవరకొండ హాస్టలు పిల్లల దుప్పట్లకు వెళ్తుందని ఆహ్వానపత్రంలో రాశాం కాబట్టి, ఇంకా కొననివారు రేపటిలోగా కొనాలి.

వనపర్తి అక్క, మంగళవారం ఉదయం
ఆ జాబితాను కాసేపు పక్కన పెట్టండి. మనకు హాలు అద్దెకు ఇచ్చిన అమెరికన్ చర్చి నుంచి ఇప్పుడే ఈమెయిల్ వచ్చింది. శుక్రవారం నుంచి ఆదివారం దాకా నీళ్లు గడ్డకట్టేంత చలి పడుతుందన్న హెచ్చరిక వచ్చినందున, ఇల్లూ వాకిలీ లేక బయట పడుకునేవారి కోసం ఆ హాలును రాత్రిపూట తెరుస్తారట. అరవై మడత మంచాలు వేస్తారు. మన బుకింగు రద్దయింది, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తారు. ఒప్పందం నాలుగో పేజీలో ఈ షరతు ఉంది, నేను ఇప్పుడే చూశాను.

కోశాధికారి (నల్లగొండ)
మూడు నెలల ముందు డబ్బు కట్టించుకొని నాలుగు రోజుల ముందు కాదనడం ఎక్కడి న్యాయం? రెండు వందల టికెట్లు అమ్మాను. ఆ రోజుకు హోటల్ హాళ్లు అడిగితే మూడింతల అద్దె చెబుతున్నారు. మన విందును బలి పెట్టి వారు పుణ్యం మూటగట్టుకుంటారా? ఈ దేశంలో పేదవాడికి ప్రభుత్వం ఆహార కార్డు ఇస్తుంది, చర్చీలు బట్టలు ఇస్తాయి. మన పాలమూరు వలస కూలీకి, పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ చేతిలో పెట్టే అడ్వాన్సు తప్ప ఏముంది?

మిర్యాలగూడ అన్న
మాంసానికి ఆర్డరు ఇచ్చేశాను. రద్దు చేయాలంటే ఈ సాయంత్రం లోపు చెప్పండి.

అచ్చంపేట తమ్ముడు
అన్నా, కార్డు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన దగ్గరా కార్డు ఉన్నవారికి తలకు 6 కిలోల బియ్యం ఇస్తారు, 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో పథకం మొదలైనప్పటి నుంచి అవీ సన్నబియ్యమే. అంతమాత్రాన మనం దేవరకొండకు పంపడం మానుకున్నామా? ఇక్కడి కార్డుతో బియ్యం, కూరగాయలు కొనుక్కోవచ్చు గానీ, వేడిగా వండిన భోజనం సాధారణంగా కొననివ్వరు. పొయ్యే లేనివాడు ఆ బియ్యం ఎక్కడ వండుకుంటాడు? 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయినప్పుడు ఇళ్లున్న మనమే ఎంత వణికామో గుర్తుంది కదా, ఆ చలికి టెక్సాస్‌లో 246 మంది చనిపోయారని రాష్ట్ర ఆరోగ్య శాఖే లెక్క తేల్చింది.

కోశాధికారి
ఉపన్యాసం ఎవరైనా ఇస్తారు తమ్ముడూ. టికెట్టు కొన్నవారు ఫోను చేసేది నాకు, నీకు కాదు. స్పాన్సర్లకు బ్యానరు కడతామని మాటిచ్చింది కూడా నేనే.

జడ్చర్ల పెద్దాయన
కోపాలు తగ్గించుకోండి. 1899లో మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మిషనరీలు నిజాం రాజ్యంలో అడుగుపెట్టిన తరువాత, కాన్సస్‌లోనూ కెనడాలోనూ గోధుమ పండించుకునే కుటుంబాలు ఆదివారం కానుకల్లో వేసిన డబ్బుతోనే దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి మిషన్ కాంపౌండ్లు లేచాయి. జడ్చర్ల మిషన్ ఆసుపత్రీ అంతే. ఇది చదువుతున్న వారిలో ఆ ఆసుపత్రిలో పుట్టినవారు ఇద్దరి పేర్లు నేనే చెప్పగలను. ఆ రైతులెవరూ మన ఊరు కళ్లారా చూసినవారు కారు, దూరాన ఉన్నవారికే పెట్టారు. అందుకే దూరాన ఉన్నవారికి పంపడం తక్కువ పని అని నేను అనను. అయితే ఆ దేశంలోనే ఇరవై ఏళ్లుగా సంపాదించుకుంటున్న మనకు, మనం బిర్యానీ తినే హాలు తలుపు దగ్గరికే ఒక మనిషి చలికి వణుకుతూ వచ్చినప్పుడు, దేవరకొండ పేరు చెప్పి తప్పించుకునే వీలు లేదు.

సంఘ కాపరి
కొరింథు సంఘంలో ప్రభువు బల్ల దగ్గరికి ఉన్నవారు ముందుగా వచ్చి కడుపునిండా తిని త్రాగుతుంటే, లేనివారు ఆకలితోనే మిగిలిపోయేవారు. దానిని ప్రభువు రాత్రి భోజనం అనడానికే పౌలు ఒప్పుకోలేదు. ధర్మం చేయలేదని ఆయన వారిని తప్పుపట్టలేదు, విందు చేసుకున్న తీరునే తప్పుపట్టాడు. నేను ఈ మధ్యాహ్నం ఆ చర్చివారితో మాట్లాడి వస్తాను. అంతవరకు ఎవరూ వేరే హాలుకు డబ్బు కట్టవద్దు.

దేవరకొండ హాస్టలు సిస్టరు
అన్నలకు, అక్కలకు వందనాలు. దయచేసి మా పిల్లల పేరు మీద మీరు తగవు పడవద్దు. చందంపేట తండాల నుంచి వచ్చిన ఈ పిల్లల తల్లిదండ్రులు ఇటుక బట్టీల దగ్గర ఉన్నారు, చలి ఇక్కడా ఉంది, దుప్పట్లు కావలసిందే. కానీ మీరు పంపే డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో విదేశీ విరాళాల కోసమే ఉండే ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలో పడి, కాగితాలన్నీ పూర్తయి మా చేతికి వచ్చేసరికి ఎలాగూ సంక్రాంతి దాటుతుంది. ఈ ఏడాదికి పాత దుప్పట్లను ఉతికి, చిరిగినవాటిని రెండేసి కలిపి కుట్టించాము.

వనపర్తి అక్క, మంగళవారం రాత్రి
అయ్యగారితో పాటు నేనూ వెళ్లాను. శనివారం రాత్రి భోజనం ఎవరు పెట్టాలా అని వారే వెతుక్కుంటున్నారు. మనం పెడతామంటే సంతోషించారు, షరతులు మాత్రం గట్టిగా చెప్పారు. ఇళ్లలో వండి తేకూడదు, వారి వంటగదిలోనే వండాలి. ఫుడ్ హ్యాండ్లర్ సర్టిఫికెట్ (ఆహారాన్ని శుభ్రంగా వండి వడ్డించే శిక్షణ పత్రం) ఉన్నవారు ఇద్దరు పొయ్యి దగ్గర ఉండాలి. ఆశ్రయానికి వచ్చినవారిని ఫొటో తీయకూడదు. ఎముకలున్న మాంసం వద్దన్నారు, వచ్చేవారిలో చాలామందికి పళ్లు సరిగా ఉండవట. ఈ మాట మనలో ఎవరికీ తోచేది కాదు.

మిర్యాలగూడ అన్న
అయితే మటన్ వద్దు, బోన్‌లెస్ చికెన్ మెత్తగా ఉడికిస్తాను. బగారా అన్నంలో లవంగాలు, దాల్చిన చెక్క, సాజీర గుడ్డలో మూటకట్టి వేసి, దించేముందు తీసేస్తే నోటికి తగలవు. పచ్చిమిర్చి పూర్తిగా మానేస్తే అది మన అన్నం అనిపించుకోదు, అందుకని కారం వేరే గిన్నెలో పెడదాం. పప్పు పలుచగా చేస్తే ముసలివారికి సూపులాగా పోయవచ్చు. సర్టిఫికెట్ నాకుంది, ఇంకొకరు కావాలి.

అచ్చంపేట తమ్ముడు
ఆన్‌లైన్‌లో రెండు గంటల్లో అయిపోతుంది, నేను తీసుకుంటాను.

కార్యదర్శి
మరి మన రెండు వందల మంది ఎక్కడ తినాలి? నాటిక మాటేమిటి? పిల్లలు నెల రోజులుగా సాధన చేస్తున్నారు.

వనపర్తి అక్క
వంతులవారీగా వచ్చి వడ్డించి, వారితో పాటే అదే బల్లల దగ్గర తినవచ్చునని చర్చివారే అన్నారు. అందరూ ఒకేసారి రావడానికి చోటు లేదు. నాటిక ఎక్కడ వేయించాలో నాకూ తెలియడం లేదు.

కోశాధికారి, బుధవారం
ఫోటో ఉండదని చెప్పగానే ఒక స్పాన్సరు వెయ్యి డాలర్లు వెనక్కి తీసుకున్నారు. మిగతావారు బ్యానరు లేకపోయినా ఫరవాలేదన్నారు. టికెట్టు కొన్నవారిలో ముప్పై మందికి పైగా డబ్బు వాపసు అడిగారు, వారికి పంపేశాను, ఎవరూ వారిని ఒక మాట అనవద్దు. దుప్పట్లకు ఎంత మిగులుతుందో జనవరి సమావేశంలో లెక్క చూపి, తక్కువ పడితే సభ్యుల చందాతో పూరించే తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను. చర్చిలో ఆశ్రయం పని చూసే ఆమెకు ఫోను చేస్తే, అన్నిటికన్నా ముందు కావలసింది పొడి సాక్సులని, తడిసిన సాక్సులతోనే కాళ్లు పుండ్లు పడతాయని చెప్పింది. టోకు దుకాణంలో పది డజన్లు తీసుకున్నాను, రసీదు జతచేశాను.

బియ్యం బస్తాలు నా కారులోనే ఉన్నాయి. వెనుక గేటు శనివారం మధ్యాహ్నం రెండింటికి తెరుస్తారు, ఆరింటికి వడ్డన మొదలుకావాలి. పెద్ద గంజులు పోయినసారి ఎవరి గ్యారేజీలో పెట్టామో ఈ రాత్రికే చెప్పండి. ముఖ్య అతిథికి మాత్రం కార్యదర్శిగారే ఫోను చేయాలి.