తులసికోటకు అతికించిన పింగాణీ ముక్కలు వానకు ఊడిపోతున్నాయి

ప్రశ్న: మా అమ్మగారు ఎన్నో ఏళ్లు అపురూపంగా వాడిన పింగాణీ కప్పులు, సాసర్లు ఇల్లు మారేటప్పుడు పగిలిపోయాయి. పారవేయడానికి మనసొప్పక, ఆ ముక్కలను పెరట్లోని సిమెంటు తులసికోటకు తెల్ల జిగురుతో అతికించాను. రెండు వానలకే సగం ఊడిపడ్డాయి. ఇవి నిలబడే మార్గం ఉంటే దయచేసి తెలియజేయగలరు.

జవాబు: నమస్కారమండీ. చెక్కపనికి వాడే తెల్ల జిగురు ఆరిపోయిన తరువాత కూడా నీరు తగిలితే పాలలా తెల్లబడి మెత్తబడుతుంది కనుక, రోజూ నీళ్లు పోసే కోటకు అది పనికిరాదు. పాత జిగురునూ, దాని కింద సున్నం గానీ రంగు గానీ ఉంటే దానినీ పూర్తిగా గీకివేసి, టైల్స్ అతికించే సిమెంటు పొడిని అట్లపిండికంటె గట్టిగా కలిపి వాడండి.

అయితే అసలు చిక్కు కప్పు ముక్కల వంపులోనే ఉంది. అంచులు మాత్రమే కోటను తాకి, వెనుక డొల్లగా మిగిలిన చోట నీరు చేరుతుంది. అందుచేత ముక్క వెనుక ముద్దను నిండుగా పెట్టి, అది నాలుగు పక్కలా కాస్త బయటికి ఉబికేవరకు అదమాలి. వెనుక వైపు నున్నటి మెరుపు పూత ఉంటే ముందుగా సానరాయితో రుద్ది గరుకు చేయండి. చండీగఢ్ రాక్ గార్డెన్‌లో నేక్‌చంద్ పగిలిన పింగాణీని, గాజుల ముక్కలను సిమెంటుతో తాపడం చేసిన బొమ్మలు ఆరుబయటే నిలిచి ఉన్నాయి. 1976లో ప్రారంభమైన ఆ తోటను చూసిన తరువాతే నాకు ఈ పనిపై నమ్మకం కుదిరింది.

ముక్కల మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు వదిలి, మరునాడు తెల్ల సిమెంటుతో పూడ్చి, అది బిగుసుకోకముందే తడి స్పాంజితో పైన తుడవండి. తరువాత మూడు రోజులు తడిగుడ్డ కప్పి ఉంచాలి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కనుక చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. అంచులు గీసుకుంటాయేమోనని భయంగా ఉంది.

జవాబు: ముక్కలను చిన్నవి చేయాలంటే పాత దుప్పటి మడతలో పెట్టి, కళ్లద్దాలు పెట్టుకొని సుత్తితో మెల్లగా కొట్టండి. మనం పెదవి ఆనించి తాగే కప్పు అంచు సహజంగానే నునుపుగా ఉంటుంది. అటువంటి ముక్కలను ఏరి, ఆ అంచు బయటికి వచ్చేలా కోట మూలల్లో పెట్టండి. మిగిలినవాటిని సానరాయిపై నీళ్లు చల్లుతూ అరగదీసి, సందులలో సిమెంటు వాటి అంచులకు సమానంగా వచ్చేవరకు నింపితే వేలికి పదును తగలదు.