దందా నడవకున్నా వీసా కోసం లైసెన్స్ రెన్యూ చేయాలా?

కోరుట్ల_అన్న
మా తమ్ముడికి దుబాయ్‌లో టెక్నికల్ సర్వీసెస్ కంపెనీ ఉంది. పెయింటింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పనులు చేస్తారు. మేస్త్రీగా పోయినవాడు, 2021 జూన్‌లో లోకల్ పార్ట్‌నర్, అంటే అక్కడి దేశస్థుడి వాటా అక్కర్లేదని రూలు మారాక సొంతంగా ఎల్‌ఎల్‌సీ (లిమిటెడ్ కంపెనీ) పెట్టుకున్నాడు. రెండేళ్ల పార్ట్‌నర్ వీసా, అంటే కంపెనీలో వాటా ఉన్నందుకు ఇచ్చే వీసా. ఏడాది నుంచి పనుల్లేవు, ఒక కాంట్రాక్టరు పెద్ద బిల్లు ఆపాడు. వచ్చే నెల లైసెన్స్ గడువు అయిపోతుంది. లైసెన్స్, ఆఫీసు కిరాయి, పీఆర్వో (సర్కారు ఆఫీసుల్లో కాగితాల పని చేసిపెట్టేవాడు) ఖర్చు అన్నీ కలిపి 28,000 దిర్హంలు, అంటే ఆరున్నర లక్షలు కావాలట. వీసాకు మాత్రం ఇంకా ఎనిమిది నెలలుంది. అమ్మ, మరదలు వచ్చేయమంటున్నారు. బాపు ఏమో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చయినా కడదామంటున్నాడు, వీసా పోతే మళ్లీ చేతికి రాదని ఆయన భయం. మీరేమంటారు?

షార్జా_నిర్మల్
బాపు మాటే వినండి అన్నా. లైసెన్స్ పోతే వీసా ఒక్కటే పోదు. కంపెనీ బ్యాంకు ఖాతా పోతుంది, ఇన్నేళ్లు కలిసి పనిచేసిన కాంట్రాక్టర్లు వేరేవాళ్లను చూసుకుంటారు. ఆపిన బిల్లు అడగడానికి కూడా ముఖం ఉండదు. మళ్లీ పోవాలంటే కూలీ వీసా మీద పోవాలి, క్యాంపులో ఉండాలి. ఓనర్‌గా బతికినవాడికి అది ఎంత కష్టమో ఇక్కడున్న మాకు తెలుసు. పైసలే ఇబ్బంది అయితే ఊళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు కంపెనీ మీద వీసాలు తీయమనండి. వాళ్లు బయట పనిచేసుకుంటారు, వాళ్లిచ్చే పైసలతో రెన్యూవల్ గట్టెక్కుతుంది. చాలామంది చేస్తున్నదే.

మెట్‌పల్లి_గల్ఫ్
కట్టడమూ వద్దు, రద్దు చేయడమూ వద్దు. టికెట్ కొనుక్కుని వచ్చేయమనండి. ఆరు నెలలు బయట ఉంటే వీసా దానంతటదే పోతుంది.

జగిత్యాల_అక్క
షార్జా తమ్మీ, నువ్వు చెప్పిన ఆ వీసాను మా దగ్గర ఆజాద్ వీసా అంటారు. మా ఇంటాయన అట్లాగే పోయాడు. చెవిలో కమ్మలు కుదువపెట్టి పైసలిచ్చాం. కాగితం మీద ఒక కంపెనీ, పని చేసేది ఇంకో చోట. జీతం ఆగితే ఎవరినని అడగాలి? పని చేయించుకున్నవాడు నువ్వు నా మనిషివే కాదంటాడు, వీసా ఇచ్చినవాడు ఫోన్ ఎత్తడు. ఆ కంపెనీ లైసెన్స్ కట్టలేదని వీసా రెన్యూవల్ దగ్గర తేలింది. అప్పటినుంచి వీసా లేకుండా ఉన్నందుకు రోజుకు 50 దిర్హంల ఓవర్‌స్టే జరిమానా మీద పడుతూ పోయింది. చెకింగ్ అంటే చాలు, రూమ్‌లో లైటు తీసి కూర్చునేవాళ్లు. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా క్షమాభిక్ష పెట్టారు కాబట్టి జరిమానా లేకుండా ఇల్లు చేరాడు. ఒక ఓనర్ వీసా నిలబడటానికి ముగ్గురి సంసారాలు కుదువపెట్టొద్దు. ఈ మాట మీ తమ్ముడికి నా తరఫున చెప్పండి అన్నా.

హన్మకొండ_అకౌంటెంట్
అక్క చెప్పిందానికి చట్టం సంగతి కూడా కలుపుతాను. పర్మిట్ లేకుండా పని చేయించుకున్నా, మనుషుల్ని తెచ్చి పని ఇవ్వకుండా వదిలేసినా యూఏఈలో జరిమానా లక్ష దిర్హంల నుంచి పది లక్షల దాకా ఉంది. 2024లో పెంచారు. ఆరున్నర లక్షల రూపాయల కోసం ఇందులో దిగితే ఊళ్లో ఉన్న ఇల్లు అమ్మినా తేలదు.

మెట్‌పల్లి సోదరుడి సలహా ఇంకా ప్రమాదం. ఆరు నెలల మాట నిజమే. అయితే ఆగిపోయేది మనిషి వీసా, కంపెనీ కాదు. లైసెన్స్ వదిలేస్తే అది మూతపడినట్టు కాదు. 2023 జూన్ నుంచి అక్కడ కార్పొరేట్ ట్యాక్స్ ఉంది. లాభం 3,75,000 దిర్హంలు దాటితే 9 శాతం. రూపాయి లాభం లేకున్నా రిజిస్టర్ చేసుకోవాలి, లెక్కల సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లో రిటర్న్ వేయాలి. వేయకపోతే మొదటి ఏడాది నెలకు 500, ఆ తర్వాత నెలకు 1000 దిర్హంలు పడుతూనే ఉంటాయి. గడువులో రిజిస్టరే చేసుకోకపోతే 10,000. మీ తమ్ముడు రిజిస్టర్ చేసుకుని ట్యాక్స్ నంబర్ తీసుకున్నాడా, ముందు అది అడగండి. నా దగ్గరికి వచ్చే చిన్న ఓనర్లలో చాలామంది పని లేదు కదా, ట్యాక్స్ మనకెందుకులే అనుకుంటారు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చేతిలో సంతకమైన వర్క్ ఆర్డర్ ఉంటేనే రెన్యూ చేయాలి. ఆరున్నర లక్షలకు రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 13,000. పని రాకపోతే వచ్చే ఏడు ఇదే లైసెన్స్‌కు ఇంకో అప్పు చేయాలి.

షార్జా_నిర్మల్
అక్కా, మీరు పడ్డ కష్టం చదివాక వీసాల మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మూసేయమనే మాట నేను ఒప్పుకోను. రాసిచ్చిన ఆర్డర్ చూపించమంటే ఇక్కడ చిన్న పనులు చేసే ఎవరి దగ్గరా ఉండదు. మాకు పని వచ్చేది ఫోన్ మీద, మాట మీద. లైసెన్స్ ఉన్నవాడికే ఆ ఫోన్ వస్తుంది. ఇంకోటి, కంపెనీ మూస్తే ఆగిన బిల్లు సంగతేంటి?

హన్మకొండ_అకౌంటెంట్
బిల్లు పోదు. ఎల్‌ఎల్‌సీ మూయాలంటే లిక్విడేటర్‌ను, అంటే కంపెనీ లెక్కలు తేల్చి మూసే మనిషిని పెట్టాలి, రావాల్సిన బాకీలు వసూలు చేయడం కూడా ఆయన పనే. పేపర్‌లో ప్రకటన ఇచ్చి, అప్పులవాళ్లు ఎవరైనా ఉంటే రావడానికి 45 రోజులు ఆగుతారు. ముందు పనివాళ్ల జీతాలు, లెక్కలు తేల్చి వాళ్ల వీసాలు రద్దు చేయాలి. కుటుంబం అక్కడుంటే వాళ్లవి, తర్వాత ఓనర్‌ది. ట్యాక్స్ నంబర్, వ్యాట్ నంబర్ ఉంటే అవి కూడా రద్దు చేయించాలి. దీనికీ ఖర్చుంటుంది. అయినా శుభ్రంగా మూసినవాడు రేపు ఇంకో లైసెన్స్ తీయొచ్చు, ఇంకో కంపెనీలో ఉద్యోగానికి చేరొచ్చు. అసలు ఓనర్ పార్ట్‌నర్ వీసా మీదే ఉండాలని లేదు, వేరేచోట ఉద్యోగ వీసా మీద ఉండి కూడా కంపెనీలో వాటా పెట్టుకోవచ్చు.

కోరుట్ల_అన్న
రాత్రి తమ్ముడితో మాట్లాడాను. ట్యాక్స్ నంబర్ ఉందట, రిటర్న్ మాత్రం వేయలేదు. ముందు అది వేయిస్తున్నాం. పనివాళ్లు నలుగురిలో ఇద్దరికి రెండు నెలల జీతం బాకీ ఉందని ఇప్పుడు బయటపడింది. బాపుకు ఆ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అప్పు తెస్తే ముందు ఆ పిల్లల జీతాలకే తెద్దామన్నాడు. లైసెన్స్ సంగతి ఇంకా తేలలేదు. తమ్ముడు ఈ పదిహేను రోజుల్లో ఆ కాంట్రాక్టర్ దగ్గర కూర్చుని బిల్లు అడుగుతానంటున్నాడు. అకౌంటెంట్ సార్, ఆ రిటర్న్‌కు బ్యాంకు స్టేట్‌మెంట్లు కాకుండా ఇంకేం కాగితాలు తీసి పెట్టుకోవాలి?

హన్మకొండ_అకౌంటెంట్
ఇచ్చిన బిల్లులు, సామాను కొన్న రసీదులు, జీతాలు ఇచ్చిన లెక్క, ఆఫీసు కిరాయి ఎజారి (దుబాయ్‌లో రిజిస్టర్ చేసిన కిరాయి ఒప్పందం). ఏడాది మొత్తం వచ్చింది 30 లక్షల దిర్హంలు దాటకపోతే చిన్న వ్యాపారాల మినహాయింపు ఉంది, 2026 చివరి దాకా. అది దానంతటదే రాదు, రిటర్న్‌లో కోరుకోవాలి. ఆపిన బిల్లుకు వర్క్ మెజర్‌మెంట్ షీట్ (చేసిన పని కొలతలు రాసిన కాగితం) మీద సైట్ ఇంజనీర్ సంతకం ఉందేమో కూడా వెతకమనండి. ఉంటే దాని ఫోటో ఈరోజే తీసి మీకు పంపమనండి.