నిజజీవితంలో జంట అయితేనే వేదిక మీద ప్రేమ పండుతుందా?

శ్రుతిప్రియ:
నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒపెరాలో, అంటే పాటతోనే నడిచే నాటకంలో, భార్యాభర్తలు కలిసి పాడితే యుగళానికి వచ్చే నిండుదనమే వేరు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరా 'ట్రిస్టన్ ఉండ్ ఇసోల్డే' చూడండి. వియన్నాలో 70కి పైగా రిహార్సల్స్ చేసి, ఇక మా వల్ల కాదని వదిలేశారు. చివరికి 1865 జూన్ 10న మ్యూనిక్‌లో దాన్ని నిలబెట్టింది లుడ్విగ్ ష్నోర్, మల్వీనా అనే ఆలుమగలు. రెండో అంకంలో ప్రేమ సన్నివేశమే అరగంట దాటుతుంది. అంతసేపు ఒకరి ఊపిరికి ఒకరు ఊపిరి కలపాలంటే పరిచయం చాలదు, కాపురం కావాలి.

తెరచాటు:
ప్రియగారూ, అదే రోజు పిట్ వైపు, అంటే వేదిక ముందు వాద్యబృందం కూర్చునే పల్లం వైపు కూడా చూడండి. ఆ బృందాన్ని చేతి సైగలతో నడిపించే కండక్టర్ హాన్స్ ఫోన్ బ్యూలో. సరిగ్గా రెండు నెలల ముందు ఆయన భార్య కోసిమాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ వాగ్నర్‌ది, పేరు ఇసోల్డే. ఇల్లు ఆ స్థితిలో ఉన్న మనిషే ఆ ప్రేమ సంగీతాన్ని నడిపించాడు. మరి దీన్నేమంటారు?

నేను కోరస్‌లో పాడేదాన్ని. ఒక కౌగిలిని రెండు బారల దూరం నుంచి చూశాను. హాల్లోవాళ్లకు ఇద్దరూ కరిగిపోతున్నట్టే ఉంటుంది. దగ్గర్నుంచి చూస్తే ఆమె భుజం కాస్త బయటికి తిరిగి ఉంది. మైకు ఉండదు కదా, గొంతు హాల్లోకి వెళ్లాలి. అతని చూపు ఆమె జుట్టు మీదుగా కండక్టర్ చేతి మీద ఉంది. అరచెయ్యి మాత్రం ఆమె పక్కటెముకల మీద. ఆమె ఊపిరి తీసుకోగానే తనూ తీసుకుంటున్నాడు. బయట వాళ్లిద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లే కాదు. నాకు ఆ అరచెయ్యే ప్రేమ.

మంద్రస్థాయి:
అసలు తోడు తెలిసేది సాధన గదిలో. ఒపెరా గాయని జోన్ సదర్లాండ్, కండక్టర్ రిచర్డ్ బోనింగ్ 1954లో పెళ్లి చేసుకున్నారు. తన గొంతు అంత పైకి వెళ్తుందని ఆమె నమ్మేది కాదు. విన్న స్వరం ఏదో కచ్చితంగా పోల్చుకునే చెవి ఆమెకు లేదు. అందుకని పియానో కనపడకుండా నిలబెట్టి, ఆమె అనుకున్న దానికంటే పై శ్రుతిలో వాయించేవాడు. ఆమె పాడేసేది! తర్వాత ఏళ్ల తరబడి వేదిక మీద పవరొట్టి లాంటి గాయకులతో ప్రేమ పాడింది, పిట్‌లో నిలబడి దాన్ని నడిపింది భర్త.

శ్రుతిప్రియ:
సరే, 'కాపురం కావాలి' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఒక్కటి మాత్రం వదలను. బేతోవెన్ 'ఫిడేలియో'లో భర్తను పొడవబోయిన కత్తికి అడ్డంగా దూకి లియొనోరె 'ముందు అతని భార్యను చంపు' అంటుంది. ఆ 'భార్య' అనే మాటను శ్రుతి తప్పకుండా పాడినవాళ్లను చాలామందిని విన్నాను, మనసుకేమీ తగల్లేదు. ఒక్కసారి మాత్రం ఒళ్లు జలదరించింది. ఆ గాయనికి పెళ్లయిందో లేదో నాకు తెలియదు. ఆ మాట వెనక మాత్రం ఎవరో మనిషి ఉన్నారు.