చిత్రిక పట్టడం అంటే బొమ్మ గీయడమా?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్ నుంచి)

నమస్కారమండీ. మా అపార్టుమెంట్ల తెలుగు సంఘం ఉగాది సంచిక కోసం ఒక కథల పుస్తకం మీద పరిచయం రాశాను. అందులో "బెంగళూరుకి వలస వచ్చిన కుటుంబాల బతుకుని చిత్రిక పట్టిన కథలు" అని ఒక వాక్యం ఉంది. సంఘంలో పెద్దాయన ఒకరు దాని కింద ఎర్రగీత గీసి "చిత్రిక కాదమ్మా, చిత్రించిన అని రాయి" అని వెనక్కి పంపారు. సమీక్షల్లో ఈ మాటని ఇదే అర్థంలో ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఆయన చాదస్తమా, నాదే తెలియనితనమా? గ్రూపులో ఇంటి దగ్గర వడ్రంగి పని చేసుకునేవాళ్లు కూడా ఉన్నారు కదా, వాళ్లేమంటారో వినాలని ఉంది.

జవాబు (యెలహంక నుంచి)

పెద్దాయన చెప్పిందే సరైనదండీ. బాల్కనీలో ఒక బల్ల, గోడకి నాలుగు పనిముట్లు పెట్టుకుని ఆదివారాలు చెక్క పని చేసుకునేవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

చిత్రిక వడ్రంగి పనిముట్టు. పాతకాలం రకం అయితే ఒక చెక్క దిమ్మ, దాని నడుమ ఏటవాలుగా దిగిన బ్లేడు, అది కదలకుండా బిగించిన చెక్క చీల, అంతే. దిమ్మ అడుగున సన్నని సందు ఉంటుంది. అందులోంచి బ్లేడు అంచు కాగితం మందం బయటికి వస్తుంది. రంపంతో కోసిన పలక మీద దీన్ని ఒత్తిపట్టి ముందుకి తోస్తే గరుకంతా పొట్టుగా లేచిపోతుంది. ఆ పని పేరే చిత్రిక పట్టడం. 1852 నాటి బ్రౌన్ తెలుగు నిఘంటువు చూసినా ఈ అర్థమే కనిపిస్తుంది. తోపడ అన్నా ఇదే. తెలంగాణ వైపు రందా అంటారు, అది హిందీ వాళ్ల మాట కూడా. బెంగళూరు ఫ్లాట్లలో ఉడ్‌వర్క్ చేసేవాళ్లలో ఉత్తరాది వాళ్లు చాలామంది కాబట్టి ఇక్కడ సైటు మీద వినిపించేది ఎక్కువగా రందాయే.

ఇప్పుడు మీ వాక్యానికి వద్దాం. చిత్రిక చేసే పని తీసేయడం. ఎవరైనా "ఈ కథని బాగా చిత్రిక పట్టారు" అంటే, రాసింది మళ్లీ మళ్లీ చూసుకుని అక్కర్లేని మాటలన్నీ లేపేశారు, ఇప్పుడు ఎక్కడా చేతికి గరుకు తగలదు అని మెచ్చుకోవడం. అలా వాడితే ఎంత బాగుంటుందో చూడండి. "వలస కుటుంబాల బతుకుని చిత్రిక పట్టిన కథలు" అంటే మాత్రం, పాపం ఆ కుటుంబాలకి అద్దెలు, ట్రాఫిక్కు చాలక ఈ రచయిత కూడా వచ్చి పొట్టు లేపాడని అర్థం వస్తుంది.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైందంటే, నా అనుమానం రెండు చోట్ల. ఒకటి చెవికి సంబంధించింది. చిత్రం, చిత్రణ, చిత్రీకరణ అన్నీ రోజూ వినే మాటలు. వాటి పక్కన చిత్రిక కనబడగానే అదీ ఆ ఇంటి పిల్లే అనుకుంటాం. రెండోది, అసలు వస్తువే కళ్ల ముందు లేకపోవడం. మా చిన్నప్పుడు ఇంటికి ద్వారబంధం చేయించాలంటే వడ్రంగి వాకిట్లో కూర్చుని టేకు చెక్కకి చిత్రిక పడుతుంటే, ఆ పొట్టు చుట్టల్ని పిల్లలం ఏరుకునేవాళ్లం. ఇప్పటి ఇళ్లలో ప్లైవుడ్డు, ఎమ్‌డీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పలక), పైన సన్‌మైకా. ఫ్యాక్టరీలోనే నున్నగా తయారై వచ్చిన షీటుకి చిత్రికతో పనేముంది? పైగా ప్లైవుడ్డులో ఒక పొర నార నిలువుగా ఉంటే దాని కింద పొర అడ్డంగా ఉంటుంది. మధ్యలో జిగురు. అంచు మీద నాలుగుసార్లు తోస్తే బ్లేడు మొద్దుబారుతుంది. వస్తువు వాడకం తగ్గింది, మాట మాత్రం రాతలో మిగిలింది, ఎవరికి తోచిన అర్థం వాళ్లు తగిలించారు.

ఇంకో సంగతి. తమిళంలో దీన్ని ఇళైప్పుళి అంటారు, కన్నడంలో కీసుళి అన్న మాట ఉంది. రెండింటి చివరా ఉన్నది మన ఉలే. అంటే మన ఇరుగుపొరుగు దీన్ని ఒక రకం ఉలిగా చూశారు, అది నూటికి నూరు పాళ్లూ నిజం. ఉలిని చేత్తో పట్టుకుని తోస్తే ఎంత లోతు దిగుతుందో చెప్పలేం. అదే ఉలిని దిమ్మలో బిగించేస్తే దిమ్మ అడుగుభాగం దాన్ని హద్దులో పెడుతుంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడిన రోమన్ల ఊరు పాంపేలో కూడా ఇలాంటివి దొరికాయి. రెండు వేల ఏళ్లుగా సూత్రం అదే.

వ్యాఖ్య (జేపీ నగర్ నుంచి)

మాస్టారూ, మీ వివరణ బాగుంది కానీ తీర్పు నాకు నచ్చలేదు. మాటలకి అర్థాలు మారవా? నూనె అంటే నువ్వుల నెయ్యి. ఇవాళ కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె, చివరికి ఇంజన్‌కి పోసేది కూడా నూనే. చెంబు అంటే రాగి, ఇప్పుడు స్టీలు చెంబు అంటే ఎవరూ నవ్వరు. వడ్రంగుల సుత్తి మన నోట్లో పడి ఏమైందో మీకు తెలుసు. ఇంతమంది రాసేవాళ్లు చిత్రిక పట్టడాన్ని చిత్రించడం అనే అర్థంలో వాడుతుంటే అదే కొత్త అర్థం. ఎర్రగీతలతో భాష ఆగదు.

జవాబు (యెలహంక నుంచి)

ఆగదు, ఒప్పుకుంటాను. మీరిచ్చిన ఉదాహరణలే తీసుకుందాం. నూనె అర్థం పెరిగినందువల్ల మనం పోగొట్టుకున్నదేమీ లేదు, నువ్వుల నూనె అని చెప్పుకునే వీలు ఉండనే ఉంది. స్టీలు చెంబూ అంతే. సుత్తికి కొత్త అర్థం వచ్చినా మేకు కొట్టేటప్పుడు "సుత్తి ఇలా ఇవ్వు" అంటే ఎవరూ వచ్చి కబుర్లు చెప్పరు. చిత్రిక విషయం వేరు. చిత్రించడానికి మనకి చిత్రించు ఉంది, బొమ్మ కట్టు ఉంది, కళ్లకి కట్టు ఉంది. అక్కడ కొరత లేదు. రాసినదాన్ని కొంచెం కొంచెంగా లేపుకుంటూ నునుపు చేయడానికి మాత్రం ఇంత సూటైన మాట ఇంకొకటి దొరకడం కష్టం. ఎడిటింగ్ అని ఇంగ్లీషుకి పోవాల్సి వస్తుంది.

పనివాళ్ల మాటల్లో ఎంత తేడా ఉందో చూడండి. పనిముట్టుకి సాన పడతారు. చెక్కకి చిత్రిక పడతారు. పనంతా అయ్యాక మెరుగు పెడతారు. మూడూ నునుపుకి సంబంధించినవే, కానీ మూడూ వేర్వేరు దశలు. బుద్ధికి సాన, వాక్యానికి చిత్రిక అని రాతలోకి తెచ్చుకున్నవాళ్లు ఈ వరస తెలిసే తెచ్చుకున్నారు. అందుకని నేనైతే ఎర్రగీత పక్షమే. మీరు చిత్రించడం అనే అర్థంలో వాడితే కొట్లాటకి రాను, కానీ నా రాతలో వాడను.

ప్రశ్న (విజయనగర్ నుంచి)

భాష సంగతి మీరు మీరు తేల్చుకోండి గానీ, నాదో పని ప్రశ్న. ఎస్పీ రోడ్డులో ఒక ఇనప ప్లేన్ (ఇంగ్లీషు చిత్రిక) కొన్నాను. పేటి మీద 4వ నెంబరు అని ఉంది. చెక్క మీద పెట్టి తోస్తే ఒకచోట జారిపోతోంది, ఇంకోచోట గుచ్చుకుని పెచ్చులు లేపుతోంది. యూట్యూబులో మాత్రం అందరికీ రిబ్బన్లలా వస్తోంది. దీన్ని చిత్రిక అనొచ్చా, లేక అంత మర్యాద అక్కర్లేదా?

జవాబు (యెలహంక నుంచి)

అనొచ్చండీ, పాపం దాని తప్పేం లేదు. ఈ ఇనప రూపాన్ని 1860ల్లో అమెరికాలో లియొనార్డ్ బెయిలీ తీర్చిదిద్దాడు. 1869లో స్టాన్లీ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది. ఆ నెంబర్లు వాళ్ల ప్లేన్లవే, తర్వాత తయారుచేసిన కంపెనీలు చాలా వాటినే పట్టుకున్నాయి. 4 అంటే తొమ్మిదిన్నర అంగుళాల పొడవు, రెండు అంగుళాల బ్లేడు, చివరి నునుపుకి. 5 అయితే 14 అంగుళాలు, ఎగుడుదిగుడుని ముందు లేపేయడానికి. ఇంట్లో ఒక్కటే కొనుక్కోవాలంటే నేను 5 అంటాను, కానీ 4 కొన్నారు కాబట్టి దాంతోనే కానిద్దాం.

పెట్టెలోంచి తీసిన బ్లేడు పదునుగా ఉండదు. పదును మనమే పెట్టుకోవాలి. హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ (నీళ్లతో వాడే గరుకు కాగితం) అని అడిగితే ఇస్తారు, 400, 1000, 2000 నెంబర్లవి తీసుకోండి. ఒక మందపాటి గాజు పలక మీద నీళ్లు చల్లి పరిస్తే అదే మీ సానరాయి. ముందు బ్లేడు వెనక వైపు, అంచు దగ్గరి భాగాన్ని అద్దంలా అయ్యేదాకా రుద్దండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. వెనక చదును లేకపోతే ముందు ఎంత రుద్దినా పదును నిలవదు. తర్వాత ఏటవాలు వైపు. బ్లేడుకి ఫ్యాక్టరీలో 25 డిగ్రీల వాలు ఉంటుంది. చివరి అంచుని ఇంకొంచెం ఎత్తి 30 డిగ్రీల దగ్గర రుద్దితే చాలు. అంచు పొడవునా వెనక వైపుకి సన్నని గరుకు తిరిగిందని వేలికి తెలిస్తే ఆపి, తర్వాతి నెంబరు కాగితానికి వెళ్లండి. వేలిని అంచు మీదుగా బయటికి జరపాలి, అంచు వెంబడి జరిపితే తెగుతుంది. ఆఖర్న వెనక వైపు రెండుసార్లు రుద్ది ఆ గరుకు తీసేయండి. న్యూస్ పేపర్ అంచుని పట్టుకుని కోస్తే చప్పుడు లేకుండా తెగాలి.

బ్లేడు మీద ఇంకో ఇనప పట్టీ స్క్రూతో బిగించి ఉంటుంది చూడండి. దాని కొసకీ బ్లేడు అంచుకీ మధ్య దూరం అర మిల్లీమీటరు దాకా తగ్గిస్తే పెచ్చులు చాలావరకు తగ్గుతాయి. లేచిన పొట్టుని అది వెంటనే వంచేస్తుంది, దాంతో చెక్కలోపలికి చీలిక పాకదు.

ఇవన్నీ చేసినా పెచ్చులు లేస్తుంటే నార ఎదురొస్తోందన్నమాట. పలకని పక్క నుంచి చూడండి. నార గీతలు ఏ వైపుకి పైకి లేస్తున్నాయో ఆ వైపుకే తోయాలి. ఒకే పలకలో మధ్యలో ముడి ఉంటే దిశ మారిపోతుంది, అక్కడ పలకని తిప్పి రెండో వైపు నుంచి పట్టాలి. సరిగ్గా కుదిరిందో లేదో చెవికే తెలుస్తుంది. ఎదురు పడితే టకటకమని ఎగురుతుంది. వాలు పడితే మొదటి నుంచి చివరిదాకా ఒకే శ్రుతిలో స్స్ మంటూ పోయి, బ్లేడు దగ్గరి సందులోంచి పొట్టు చుట్టలుగా పైకి వస్తుంది. వెలుతురుకి పట్టి చూస్తే అవతల వేలు కనబడేంత పలుచన. అడుగున కొవ్వొత్తి ముక్కతో రెండు గీతలు గీయండి, తోసే శ్రమ సగం తగ్గినట్టుంటుంది.

ఎలక్ట్రిక్ ప్లేనర్ కొంటానని మాత్రం అనకండి. 82 మిల్లీమీటర్ల వెడల్పున డ్రమ్ము గిర్రున తిరుగుతూ గొరుగుతుంది, పని తొందరగానే అవుతుంది. కానీ ఫ్లాట్లో ఆ మోత, ఆ దుమ్ము చూశాక కింది ఇంటివాళ్లు వచ్చి మిమ్మల్నే చిత్రిక పడతారు. (ఇది సరైన వాడుకే.)

మళ్లీ వైట్‌ఫీల్డ్ నుంచి

వాక్యం మార్చేశానండీ, "వలస కుటుంబాల బతుకుని కళ్లకి కట్టిన కథలు" అని రాశాను. పెద్దాయన శాంతించారు. ఇంత చెప్పారు కాబట్టి అడుగుతున్నా, వానలు మొదలైన దగ్గర్నుంచి మా పడగ్గది తలుపు పట్టేస్తోంది. మొన్న వచ్చిన కార్పెంటర్ అంచు అంతా లేపేస్తానంటున్నాడు. లేపించమంటారా?

జవాబు (యెలహంక నుంచి)

ఆగగలిగితే ఆగండమ్మా. చెక్క తేమ పీల్చుకుంటే అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో పెరిగేది లెక్కలోకి రాదు. అందుకే తలుపు పక్క అంచున బిగుస్తుంది. వానల్లో బిగిసిన కొలతకి లేపించేస్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో చెక్క ఆరి సందు కనబడుతుంది. ముందు కీలు స్క్రూలు వదులయ్యాయేమో చూడండి, చాలాసార్లు తలుపు ఉబ్బలేదు, వాలింది అంతే. అవి గట్టిగానే ఉండి, ఆగే పరిస్థితి లేకపోతే, తలుపుకీ బంధానికీ మధ్య కార్బన్ కాగితం పెట్టి మూసి తీయమనండి. మచ్చ పడ్డచోట మాత్రమే చిత్రిక పట్టించండి, అంచు అంతా వద్దు. పట్టిన చోట పూత లేని చెక్క బయటపడుతుంది కాబట్టి అదే రోజు పాలిషో పెయింటో వేయించండి, లేకపోతే మళ్లీ అక్కడి నుంచే తేమ ఎక్కుతుంది. తలుపు పైఅంచు, కిందిఅంచు కూడా వేలితో తడిమి చూడండి. కనబడవు కదా అని అక్కడ రంగు వేయకుండా వదిలేసి ఉంటే వాటికీ ఒక పూత వేయించేయండి.