లీజు ఎలక్ట్రిక్ కారు 16 రోజులుగా డీలరు దగ్గరే ఉంది, ఏం చేయాలి?

ఎడిసన్ నివాసి:
అందరికీ నమస్కారం. న్యూజెర్సీలో ఉంటాను. నిరుడు మూడేళ్ల లీజుకు ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాను, 9,000 మైళ్లు తిరిగింది. జనవరిలో ఒక ఉదయం ఆఫీసుకు బయలుదేరితే తలుపు పిడి బయటికే రాలేదు. రిమోట్ లోపలున్న తాళంచెవితో ఎలాగో తెరిచాను, తెర అంతా చీకటి. ముందు రాత్రి ఫోనులో చూసినప్పుడు ఛార్జింగ్ 70 శాతం ఉంది. పోయింది తలుపులు, తెర నడిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. డీలరు దాన్ని మార్చి పంపారు. మూడు వారాలకు మళ్లీ అదే తంతు. హై వోల్టేజి పని చేయగల టెక్నీషియన్ ఒక్కరే ఉన్నారట, ఆయన సెలవులో ఉన్నారట. నెల వాయిదా మాత్రం ఆగడం లేదు. కారు ఫైనాన్సు కంపెనీ పేరున ఉంది కదా, అడిగే హక్కు నాకుందా?

పిస్కాటవే:
తప్పకుండా ఉందండి. న్యూజెర్సీ లెమన్ చట్టం, అంటే లోపం పోని కొత్త కార్ల విషయంలో వినియోగదారును కాపాడే చట్టం, లీజు కార్లకూ వర్తిస్తుంది. మొదటి రెండేళ్లు లేదా 24,000 మైళ్లలోపు, ఏది ముందైతే అది. ఒకే పెద్ద లోపానికి మూడుసార్లు మరమ్మతు చేశాక కూడా అది పోకపోయినా, మరమ్మతు కోసం కారు మొత్తం 20 రోజులు షాపులో ఉండిపోయినా దావాకు ఆధారం ఉన్నట్టే. ముందుగా తయారీదారుకు సర్టిఫైడ్ పోస్టులో ఉత్తరం రాసి, చివరి అవకాశంగా 10 రోజుల గడువు ఇవ్వాలి. ఉత్తరం డీలరుకు కాదు, తయారీదారుకే.
దయచేసి ప్రతిసారీ రిపేర్ ఆర్డర్ కాగితం తీసుకోండి. నాకు ఒకసారి "లోపం ఏమీ కనిపించలేదు" అని ఉత్త చేతులతో పంపేశారు. ఆ మూడు రోజులు లెక్కలోకే రాలేదు. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

డల్లాస్ నుంచి:
టెక్సస్ వాళ్లు గమనించండి, ఇక్కడ లెక్క 30 రోజులు. పైగా డీలరు మీ కారుకు సమానమైన కారు ఇస్తే ఆ రోజులు కలవవు.

సియాటిల్:
లీజు తీసుకున్న చోటికే వెళ్లాలని లేదండి. వారంటీ పని ఆ కంపెనీ అధీకృత డీలరు ఎవరైనా చేస్తారు. నేను 40 మైళ్ల దూరంలో ఇద్దరు శిక్షణ పొందినవాళ్లున్న చోటు వెతుక్కున్నాను, రెండు రోజుల్లో అయిపోయింది. టైర్లు కూడా చూసుకోండి. ఈ కార్లు బరువెక్కువ, త్వరగా అరుగుతాయి. తిరిగి ఇచ్చేటప్పుడు అరిగిన టైర్లకు డబ్బులు కట్టించుకుంటారు.

ఎడిసన్ నివాసి:
పిస్కాటవే గారూ, సాయంత్రమే వెళ్లి పాత కాగితం అడిగాను. అందులో "వినియోగదారు కోరికపై బ్యాటరీ మార్చాం" అని ఉంది! కారు కదల్లేదన్న మాటే లేదు. అక్కడే నిలబడి, "కారు ఆన్ కాలేదు, తలుపులు తెరుచుకోలేదు" అని మళ్లీ టైపు చేయించి, తేదీలతో ప్రింటు తీసుకున్నాను. మొదటిసారి కారు నాలుగు రోజులు అక్కడే ఉంది. కలిపితే నేటికి 20. రేపు పొద్దున్నే పోస్టాఫీసుకు వెళ్తున్నాను.